చిన్న డిక్కీలో స్టెప్నీ: పాత మారుతి 800కి ఏ ఏర్పాటు నయం?

మా నాన్న నడిపిన మారుతి 800 నా చేతికి వచ్చి ఆరేళ్లయింది. 1999 మోడల్. రాగానే నేను చేసిన మొదటి పని, 12 అంగుళాల పాత రేకు డిస్కులు తీయించి 13 అంగుళాల అల్లాయ్‌లు ఎక్కించడం. నల్లగొండ క్లాక్ టవర్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి మురిసిపోయాను కూడా. డిక్కీలో మిగిలిపోయిన పాత స్టెప్నీ సంగతి అడిగితే అల్లాయ్‌లు అమ్మినాయన ఒకే మాట అన్నాడు: "అది అట్లనే ఉండనీయండి సార్, ఏం కాదు."

అయింది. మరుసటి ఎండాకాలం దేవరకొండ దాటి కల్వకుర్తి వైపు ఒక పెళ్లికి పోతున్నాం. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి రోడ్డు అంచు దిగాను. ముందు ఎడమ టైరు సైడ్‌వాల్, అంటే పక్క గోడ, కంకర రాయికి కోసుకుపోయింది. డిక్కీలో ఉన్న బత్తాయి బస్తా, బట్టల సంచులు, పెళ్లివాళ్లకు ఇవ్వాల్సిన కుక్కరు అన్నీ దింపి రోడ్డు పక్కన పెట్టి, అట్ట ఎత్తి స్టెప్నీ బయటికి లాగాను. బొటనవేలితో నొక్కితే టైరు లోపలికి పోయింది. గాలి లేదు. సరే, మెల్లగా నడుపుదాం అని బిగించబోతే అల్లాయ్‌లకు వేసిన నట్లు రేకు డిస్కు రంధ్రాల్లో కూర్చోవడం లేదు. పాత నట్లు ఇంట్లో ఏ డబ్బాలో ఉన్నాయో దేవుడికే తెలియాలి. ట్రాక్టరు ఆపి చూసిన ఒకాయన, "స్టెప్నీ ఉన్నది గదా అన్నా, మరేంది?" అన్నాడు. ఏం చెప్పను?

ఆ తర్వాత నా బండిలో, మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావ బండిలో కలిపి దాదాపు అన్ని రకాల ఏర్పాట్లూ చేసి చూశాం. ఈ సలహాలన్నీ ఆ తిప్పల్లోంచి వచ్చినవే.

మన జిల్లాల్లో 800లు ఇంకా ఇన్ని కనిపించడానికి ఒక కారణం ఉంది. 1983 డిసెంబరులో మొదలైన ఈ బండి 2014 జనవరి దాకా తయారైంది. కానీ బండి పొగకు సంబంధించిన బీఎస్-4 నిబంధన వచ్చాక 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో కొత్తవి అమ్మడం ఆపేశారు. బయట ఊళ్లలో ఆ తర్వాత కూడా అమ్మారు. ప్రభుత్వం లెక్కలో వింటేజ్ అనిపించుకోవాలంటే, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం, బండికి 50 ఏళ్లు నిండాలి. తొలినాళ్ల ప్రీమియర్ పద్మిని కార్లకు ఆ వయసు వచ్చింది, 800లకు ఇంకా రాలేదు. అయినా నాన్న నడిపిన బండి ఎవరికైనా క్లాసిక్కే కదా.

ఇంకో చిన్న సంగతి. మనం స్టెప్నీ అని ఎంత మామూలుగా అంటామో, ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ మాట అంటే చాలామందికి అర్థం కాదు. 1904లో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో ఈ అదనపు చక్రం పుట్టింది. అప్పటి కార్లకు స్పేర్ వీల్ అనేదే ఉండేది కాదు. కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మన పంక్చర్ షాపుల్లో బతికి ఉంది.

ముందు ఒక అట్ట ముక్క కోయండి

ఏది కొనాలో నిర్ణయించే ముందు కొలత చూసుకోవాలి. టైరు మీద 145/70 ఆర్12 అని ఉంటుంది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్బై వంతు, రిమ్ము పైన టైరు ఎత్తు. 12 అంటే రిమ్ము అంగుళాలు. ఈ లెక్కన మొత్తం చక్రం అడ్డంగా దాదాపు 51 సెంటీమీటర్లు. అదే 155/65 ఆర్13 అయితే 53, 165/65 ఆర్13 అయితే 54.5. పన్నెండులోనే కాస్త ఎత్తైన 145/80 ఆర్12 వేస్తే అది కూడా 54కి దగ్గరగా వస్తుంది. కాబట్టి "నాది పన్నెండే, పట్టకపోవడం ఏంది" అనుకోవడానికి లేదు.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి దొరికితే చాలు. 51, 53, 54.5 సెంటీమీటర్ల గుండ్రాలు మూడు కోసి డిక్కీ అడుగున స్టెప్నీ పడుకునే చోట పెట్టి చూడండి. అట్ట పట్టింది కదా అని సంబరపడొద్దు. టైరు నడిమి భాగం కాస్త ఉబ్బి ఉంటుంది, అట్ట ఉబ్బదు. చుట్టూ వేలు దూరేంత సందు ఉంటేనే చక్రం సుఖంగా దిగుతుంది, మళ్లీ పైకి వస్తుంది. నా బండిలో 53 సెంటీమీటర్ల అట్ట దిగింది. అదే కొలత టైరును తెచ్చి పెడితే ఒక పక్క ఎత్తుగా నిలబడిపోయింది. దాని మీద పరిచే బోర్డు ఊగుతూ, బత్తాయిలు ఒక మూలకు దొర్లేవి.

లోతు కూడా చూడాలి. టైరు వెడల్పు సెంటీమీటరు పెరిగినా పైన బోర్డు అంత మేర లేస్తుంది. ఈ డిక్కీలో సెంటీమీటరు కూడా లెక్కే. మిర్యాలగూడ నుంచి 25 కిలోల బియ్యం బస్తాలు రెండు తెచ్చుకునేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

పాత 12 అంగుళాలదే ఉంచుకోవడం

తిరిగి తిరిగి నేను ఇక్కడికే వచ్చాను. బండికి 13 అంగుళాలవి నడుస్తున్నా, స్టెప్నీగా కంపెనీ ఇచ్చిన 12 అంగుళాల రేకు చక్రమే ఉంచుకోవడం. దాని చోట అది చక్కగా పడుకుంటుంది. బరువు పది కిలోలకు అటూ ఇటూ, కాబట్టి ఇంట్లో ఎవరైనా ఎత్తగలరు. గుంతలో పడి రేకు డిస్కు వంకరపోతే సుత్తితో సరిచేసే మనిషి మండల కేంద్రంలో కూడా దొరుకుతాడు. అల్లాయ్ పగిలితే ఆ అవకాశం లేదు.

అయితే దీన్ని వాడే పద్ధతి తెలిసుండాలి. 800 ముందు చక్రాలతో నడిచే బండి. 51 సెంటీమీటర్ల చక్రం కిలోమీటరుకు దాదాపు 627 చుట్లు తిరుగుతుంది, 53 సెంటీమీటర్లది 599. అంటే ఒకే ఇరుసుకు ఒక పక్క కిలోమీటరుకు 28 చుట్లు ఎక్కువ తిరగాలి. మామూలుగా మలుపుల్లో మాత్రమే ఎడమ కుడి చక్రాల తేడాను సర్దే డిఫరెన్షియల్, నేరుగా పోతున్నప్పుడు కూడా ఆగకుండా ఆ పని చేస్తూనే ఉండాలి. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. రెండు మూడు కిలోమీటర్లయితే ఫర్వాలేదు. నల్లగొండ నుంచి సాగర్ దాకా అట్లా పోతే గేర్‌బాక్స్‌కు మంచిది కాదు.

అందుకని చిన్న చక్రాన్ని ఎప్పుడూ వెనకే వేయాలి. పంక్చర్ వెనక టైరుకు అయితే చిక్కు లేదు. ముందు టైరుకు అయితే పని రెండింతలు: మొదట వెనక చక్రం ఒకటి తీసి అక్కడ స్టెప్నీ వేయాలి, తీసిన మంచి చక్రాన్ని ముందుకు తేవాలి. ఎండలో, కుటుంబం అంతా చెట్టు కింద నిలబడి చూస్తుంటే ఇది చికాకు పనే. పావుగంట ఎక్కువ పడుతుంది. అయినా చేయాలి. వెనక వేసినా సరే 50 కిలోమీటర్ల వేగం దాటకుండా, దారిలో మొదట కనిపించిన పంక్చర్ షాపు దగ్గర ఆగి అసలుది బాగు చేయించుకోవడమే దీని ఉపయోగం. దాంతోనే నెల రోజులు తిరిగేవాళ్లను చూశాను. అడిగితే "నడుస్తుంది కదా" అంటారు. నడవడం నిజమే.

పద్మిని ఉన్నవాళ్లకు ఈ సూత్రం తలకిందులు. అది వెనక చక్రాలతో నడిచే బండి, 14 అంగుళాల రిమ్ములు. కొలత తేడా ఉన్న స్టెప్నీ ఉంటే అది ముందు ఇరుసుకే వేయాలి. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైరు (లోపలి దారాలు ఏటవాలుగా అల్లుకునే రకం) స్టెప్నీగా ఉండి, నడిచేవి రేడియల్ (దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా పోయే రకం) అయితే ఇంకా జాగ్రత్త. ఒకే ఇరుసుకు ఆ పక్క అది, ఈ పక్క ఇది వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఇక నట్ల సంగతి. నన్ను రోడ్డు మీద కూర్చోబెట్టింది ఇదే. అల్లాయ్‌లకు వచ్చే నట్ల పొడవు, కింద కూర్చునే భాగం ఆకారం రేకు డిస్కు నట్లకంటే తేడాగా ఉండొచ్చు. బిగిసినట్టే అనిపిస్తుంది, కాసేపటికి వదులవుతుంది. పాత నట్లు నాలుగూ ఒక గుడ్డసంచిలో వేసి స్టెప్నీ మధ్య రంధ్రంలో పెట్టేయండి. ఇంట్లో పెట్టొద్దు. ఇంట్లో పెట్టినవి అక్కరకు దొరకవు.

స్టెప్నీ పడుకోబెట్టేటప్పుడు గాలి పెట్టే మూతి పైకి ఉండాలి. అప్పుడు దాన్ని బయటికి తీయకుండానే గాలి చూసుకోవచ్చు. నడిచే టైర్లకంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువే కొట్టించండి. వాడేటప్పుడు కాస్త వదిలేయడం సులువు, లేని గాలిని నడిరోడ్డు మీద తేవడం కష్టం. టైరు వయసు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2309 అని ఉంటే 2009లో 23వ వారంలో తయారైందని అర్థం. నా పాత స్టెప్నీ మీద సరిగ్గా అలాంటి అంకే ఉంది. అరుగుదల లేదు, కొత్త టైరుకు ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా పోలేదు, చూస్తే కొత్తదే. కానీ మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు మూసిన డిక్కీలో ఇన్నేళ్లు కాగిన రబ్బరు అది. వంచి చూస్తే సన్నటి పగుళ్లు.

ఐదోది కూడా అదే సైజు కొనడం

అన్నిటికంటే నిశ్చింతైన మార్గం ఇదే, పట్టితే. ముందూ వెనకా అన్న ఆలోచన అక్కర్లేదు, వేగం తగ్గించక్కర్లేదు. అల్లాయ్‌లు సాధారణంగా నాలుగే సెట్టుగా అమ్ముతారు. ఐదోదానికి అల్లాయే కావాలని వెతకొద్దు, 13 అంగుళాల రేకు డిస్కు పాత సామాన్ల షాపులో చూడండి. నాలుగు రంధ్రాలు ఉన్నాయి కదా అని డబ్బులిచ్చి తెచ్చుకోవద్దు. రంధ్రాల మధ్య దూరం బండి బండికీ మారుతుంది. ఒకే కంపెనీ బండ్లలో కూడా మారుతుంది. షాపు ముందే జాకీ ఎత్తి, ముందు చక్రం దగ్గర ఒకసారి, వెనక ఒకసారి ఎక్కించి, చేత్తో తిప్పి చూసి అప్పుడు బేరం ఆడండి.

అల్లాయ్‌ల మోజు ఇంకా తలకెక్కనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఎక్కించకండి. ఐదూ 12 అంగుళాలవే ఉంటే ఇప్పటిదాకా చెప్పిన తలనొప్పి ఒక్కటీ లేదు. చిన్న కార్లు గీసినవాళ్లు చక్రం సైజు ఊరికే పెట్టలేదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీకి 10 అంగుళాల చక్రాలు పెట్టింది లోపల జాగా మిగలడానికే. దాని స్టెప్నీ కూడా డిక్కీ బోర్డు కింద పడుకునేది, పైగా డిక్కీ తలుపు కిందికి తెరుచుకునేది, సామాను ఎక్కువైతే దాని మీద కూడా పెట్టుకోవచ్చని.

గ్యాస్ ట్యాంకు ఉన్న బండిలో

మా బావ కథ వేరు. ఆయన బండికి ఎల్‌పీజీ కిట్టు ఉంది. టైరులా గుండ్రంగా ఉండే ట్యాంకును స్టెప్నీ చోట్లోనే బిగించారు. బిగించినవాళ్లు స్టెప్నీని తెచ్చి ట్యాంకు మీద ఊరికే పడేసి చేతులు దులుపుకున్నారు. నాలుగు రోజులకే బావ దాన్ని తీసి ఇంట్లో మెట్ల కింద పెట్టాడు. కురుమూర్తి జాతరకు పోయి వస్తూ సర్కారు తుమ్మ ముల్లు దిగినప్పుడు ఆ మెట్ల కింది స్టెప్నీ గుర్తొచ్చింది.

తర్వాత దాన్ని డిక్కీలో ఒక పక్కకు నిలబెట్టి నైలాన్ తాడుతో కట్టాడు. జడ్చర్ల దగ్గర స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరినప్పుడు ముడి జారి, చక్రం దొర్లి వెనక లైటు వైర్లను తెంపేసింది. ఇంటికి వచ్చేదాకా ఎడమ ఇండికేటర్ వెలగలేదు. ఇంతటితో పోయింది అనుకోవాలి. 60 వేగంలో సడన్ బ్రేకు పడితే అదే పది కిలోల చక్రం ముందుకు వచ్చేది. వెనక సీట్లో పిల్లలు ఉంటారు. నిలబెట్టిన స్టెప్నీకి తాడు ఏర్పాటే కాదు.

నిలబెట్టాల్సి వస్తే ఇట్లా చేయించండి. వెనక సీటు వీపుకు ఆనుకుని అడ్డంగా నిలబెట్టడం నాకు నచ్చింది. పక్కకు నిలబెడితే డిక్కీ సగం అయిపోతుంది, అడ్డంగా అయితే లోతు తగ్గుతుంది గానీ సంచులు వరసగా పడతాయి. వెల్డింగ్ షాపులో ఐదు మిల్లీమీటర్ల ఇనుప పట్టీని చక్రం వంపుకు తగినట్టు వంచి కింద తొట్టిలా చేయించాలి. డిస్కు మధ్య రంధ్రంలోంచి వచ్చేలా ఒక పొడుగు బోల్టు, దానికి పెద్ద వాషరు, చేత్తో తిప్పే రెక్కల నట్టు. పట్టీకి, టైరుకు మధ్య పాత ట్యూబు ముక్క వేస్తే గరగర చప్పుడు రాదు.

ఈ స్టాండును బాడీకి నేరుగా వెల్డింగ్ చేద్దామంటారు షాపులో, వాళ్లకు అది పది నిమిషాల పని. ఒప్పుకోవద్దు. 800 రేకు పలచన. వెల్డింగ్ వేడికి రంగు మాడిన చోటే తుప్పు మొదలవుతుంది. రెండు వానాకాలాలు గడిస్తే టింకరింగ్ షెడ్డుకు పోవాల్సిందే. పైగా గ్యాస్ ట్యాంకు ఉన్న డిక్కీలో నిప్పురవ్వలు అసలే వద్దు. బోల్టులతోనే బిగించాలి. రేకుకు కింది వైపున అరచేయంత ఇనుప ప్లేటు పెట్టి దాని మీదుగా బోల్టు దింపితే రేకు చిరగదు. రంధ్రం వేసే ముందు బండి కిందకు దూరి, అక్కడ పెట్రోల్ ట్యాంకు గానీ పైపు గానీ వైరు గానీ ఉందేమో చూసుకోవాలి. గ్యాస్ పైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసిన రంధ్రానికి అంచులు రంగు పూసి, సీలెంట్ పెట్టించండి. లేకపోతే వానకు చిమ్మిన నీళ్లు డిక్కీలోకి వస్తాయి.

ట్యాంకు మీద ఉండే వాల్వు, మీటరు కప్పబడిపోకుండా చూసుకోవాలి. అక్కడికి చేయి అందాలి. ఎల్‌పీజీ కిట్టు ఆర్‌సీలో ఎక్కించి ఉండాలని, ట్యాంకుకు గడువు ప్రకారం పరీక్ష చేయించాలని తెలిసే ఉంటుంది. వంటింటి సిలిండర్‌ను డిక్కీలో పెట్టుకుని తిరిగేవాళ్లకు స్టెప్నీ సలహా ఇవ్వడం దండగ.

స్టెప్నీ లేకుండా, కిట్టుతో

ఈమధ్య ఎక్కువగా వినిపించే మాట ఇది. "కొత్త కార్లకే స్టెప్నీ ఇస్తలేరు, నీకెందుకు?" 2020లో కేంద్రం నిబంధన మార్చిన మాట నిజమే. కానీ ఆ మినహాయింపు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే డ్రైవరుకు చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉన్న కార్లకు. మన 800కి టైరులో గాలి తగ్గిందని చెప్పేది పక్క స్కూటరు మీద పోయే మనిషే.

కిట్టు అంటే మూడు వస్తువులు. ట్యూబ్‌లెస్ టైరు రంధ్రంలో గుచ్చే జిగట స్ట్రిప్పులు, వాటి సూదులు. గాలి కొట్టే చిన్న మోటారు. కొందరు టైరులోకి ఎక్కించే సీలెంట్ సీసా కూడా పెట్టుకుంటారు. ఇవన్నీ కలిపినా ఒక చెప్పుల డబ్బాలో పడతాయి. స్టెప్నీ చోటంతా ఖాళీ. వినడానికి ఎంత హాయి!

మొదటి ప్రశ్న: మీ టైరు నిజంగా ట్యూబ్‌లెస్సేనా? టైరు మీద రాసి ఉంటే సరిపోదు. పాత రేకు డిస్కు అంచు తుప్పు పట్టి గరుకైతే టైరు దానికి అతుక్కోదు, గాలి సన్నగా పోతూనే ఉంటుంది. విసిగిపోయి చాలామంది లోపల ట్యూబు వేయించుకుంటారు. అప్పుడు స్ట్రిప్పు పనికిరాదు, సీలెంటూ పనికిరాదు. నాన్న బండిలో రెండు టైర్లకు ట్యూబులు ఉన్నట్టు డిస్కులు మార్చిన రోజే నాకు తెలిసింది.

రెండోది, స్ట్రిప్పు వేయగలిగేది రోడ్డుకు తగిలే భాగంలో పడిన మేకుకో, ముల్లుకో. మన పల్లె దారుల్లో ఎక్కువ పంక్చర్లు సర్కారు తుమ్మ ముళ్ల వల్లే, వాటికి స్ట్రిప్పు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ సైడ్‌వాల్ కోసుకుపోతే, డిస్కు వంకరపోతే కిట్టు దిష్టిబొమ్మతో సమానం. నాకు జరిగింది సైడ్‌వాలే. తారు అంచుకు, మట్టికి మధ్య జానెడు ఎత్తు తేడా ఉన్న రోడ్లు మనకు తక్కువేమీ కాదు.

సీలెంట్ సీసా నాకు నచ్చదు. దానికి గడువు తేదీ ఉంటుంది, ఎండకు కాగే డిక్కీలో ఆ గడువు మీద కూడా నమ్మకం పెట్టుకోలేం. వాడాక టైరు విప్పిన పంక్చర్ షాపు ఆయన లోపలి జిగురు చూసి మనల్ని ఏమనుకుంటాడో ముఖంలోనే తెలుస్తుంది. గాలి మోటారు మాత్రం స్టెప్నీ ఉన్నవాళ్లు కూడా కొనుక్కోండి. లైటరు సాకెట్టుకు పెట్టేదాని కంటే బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది మేలు. పాత బండి వైరింగు, ఫ్యూజు అంత కరెంటు లాగనిస్తాయన్న గ్యారంటీ లేదు. ఇంజిన్ ఆన్ చేసి కొట్టండి, బ్యాటరీ దిగిపోకుండా. అది కూడా వద్దనుకుంటే కాలితో తొక్కే పంపు. చెమట పడుతుంది గానీ ఫ్యూజు పోదు.

సన్న స్టెప్నీ సంగతి కూడా అడుగుతుంటారు. కొత్త కార్లలో వచ్చే, 80 వేగం దాటొద్దని రాసి ఉండే రకం. వాటిలో చాలావరకు మనకు మరీ పెద్ద రిమ్ములు, రంధ్రాలు కలవవు. అసలు 800 టైరే 145 మిల్లీమీటర్ల వెడల్పు. కొత్త కార్లకు అత్యవసరానికి ఇచ్చే సన్న టైరు దాదాపు అంతే ఉంటుంది. ఇంకెంత సన్నం చేస్తాం?

పైన క్యారియర్ మీద కట్టుకోవడం: జాతరకు పోయే ఒక్క రోజుకు సరే. రోజూ అక్కడే ఉంటే ఎండకు రబ్బరు చిట్లుతుంది, బస్టాండు దగ్గర ఆపిన రాత్రి ఎవరైనా విప్పుకుపోతారు.

మీ దారి ఏది?

ఇంతకీ ఏది ఎంచుకోవాలో డిక్కీ కంటే మీరు తిరిగే దారే చెప్తుంది. నల్లగొండ టౌనులోనో, మహబూబ్‌నగర్ టౌనులోనో పిల్లల బడికీ, కూరగాయలకీ తిరిగే బండికి కిట్టు చాలు, టైర్లు నిజంగా ట్యూబ్‌లెస్ అయితే. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట అంటూ పోయేవాళ్లకు కూడా పంక్చర్ షాపు మరీ దూరంలో ఉండదు. అక్కడ కిట్టు, 12 అంగుళాల స్టెప్నీ రెండూ ఉంటే టెన్షన్ లేదు.

శ్రీశైలం పోయేవాళ్లు మాత్రం ఇంకోలా ఆలోచించాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ అడవి. చాలా దూరం ఫోను సిగ్నల్ సరిగ్గా ఉండదు, రాత్రి రాకపోకలు ఆపేస్తారు. ఆ దారికి నేను కిట్టును నమ్ముకుని పోను, గాలి చూసిన పూర్తి చక్రం ఉండాల్సిందే. గ్యాస్ ట్యాంకు ఉన్న బావ అయినా సరే, బోల్టు బిగించిన స్టాండు మీద స్టెప్నీతోనే వస్తాడు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రానికి చిన్న స్టెప్నీ వేయొద్దన్న మాట అక్కడ ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఏది ఎంచుకున్నా ఒకసారి ఇంటి ముందు, చల్లని పూట, మొత్తం పని చేసి చూడండి. డిక్కీ ఖాళీ చేయడం, స్టెప్నీ తీయడం, జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయడం, ఎదురెదురు నట్లు బిగించడం, అన్నీ. చెల్క నేలలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి ఒక చెక్క పలక కూడా కావాలి. నేను చేసినప్పుడు నలభై నిమిషాలు పట్టింది. అందులో ఇరవై నిమిషాలు ఒక్క నట్టుకే పోయాయి. మిషన్‌తో బిగించిన నట్టు అది. వీల్ పానా మీద ఎక్కి నిలబడినా కదల్లేదు. చివరికి పక్కింటి బోరు పనివాళ్ల దగ్గర మూడడుగుల ఇనుప పైపు ముక్క అడిగి తెచ్చి, పానాకు తొడిగి లాగితే కిర్రుమని వదిలింది. ఆ పైపు వాళ్లకు తిరిగి ఇవ్వలేదు. డిక్కీలో స్టెప్నీ పక్కనే ఉంది.